హాలు ఓనరు గారి నీలం కారు

ఆ కారు వస్తోందని పెద్దమేస్త్రికి కంటితో చూడకముందే తెలిసిపోయింది. తన కార్ల రిపేరు షెడ్డు వెనక కుళాయి దగ్గర సబ్బుతో చేతులు రుద్దుకుంటున్నాడు. మలుపులో ఇంజను చప్పుడు వినిపించింది. ఆరు సిలిండర్ల ఇంజను, తొందరంటూ లేని నడక, గేరు మారేటప్పుడు పెద్దమనిషి గొంతు సవరించుకున్నట్టు చిన్న దగ్గు. సబ్బు చేతులతోనే ముందుకొచ్చి నిలబడ్డాడు. ఒక కారు వస్తోందని అరవై ఆరేళ్ల మేస్త్రికి గుండె దడదడలాడాల్సిన పనేమీ లేదు. అయినా దడదడలాడింది.

నీలం రంగు పొడుగాటి కారు మెల్లగా లోపలికొచ్చి ఆగింది. ఒకప్పుడు ఆ రంగులో తల దువ్వుకోవచ్చు. ఇప్పుడు బానెట్ మీద అక్కడక్కడా వెలిసిపోయింది. ముందు బంపరు ఒక చెంప సొట్ట పడింది. స్టీరింగు దగ్గర్నుంచి దిగిన ఆవిడకి యాభై దాటి ఉంటాయి. నుదురు, నిలబడే తీరు అచ్చం తండ్రివే. ఆవిడ హాలు ఓనరు గారి అమ్మాయి.

హాలు ఓనరంటే ఊళ్లో పెద్ద సినిమా హాలు ఆయనది. ఆయన పోయి పన్నెండేళ్లయింది. హాలు అంతకు రెండేళ్ల ముందే మూతపడింది.

"పెద్దమేస్త్రి గారూ, గుర్తుపట్టారా?"

"కారుని పట్టానమ్మా. నిన్ను చూసి మీ నాన్నగారనుకున్నాను," అన్నాడు పెద్దమేస్త్రి.

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఎనభై మూడేళ్ల వాళ్లమ్మ తన అక్కగారిని చూడ్డానికి వెళ్లాలంటోంది. అక్కగారికి ఒంట్లో బాగోలేదు. ఆరు గంటల ప్రయాణం. కొత్త కారు ఉంది, రైలుంది. కానీ పెద్దావిడ ఒకటే మాట మీద కూర్చుంది: వెళ్తే ఆయన కారులోనే వెళ్తాను, లేకపోతే వెళ్లను.

"కారేమో నూనె కారుస్తోందండీ. పేరుకి తగ్గట్టే. కంపెనీ వర్క్‌షాపుకి తీసుకెళ్తే ఇంత పాతదాన్ని ముట్టుకోం పొమ్మన్నారు. ఇంకోచోట ఏదో మందు సీసా పోశారు, రెండు రోజులాగి మళ్లీ మొదలు. రోజూ పొద్దున్నే కింద చూస్తే ఇంత మరక," అని అరచెయ్యి చూపించింది. "శుక్రవారం బయల్దేరాలి. ఈరోజు మంగళవారం. అవుతుందా?"

పెద్దమేస్త్రి ఒంగి చూశాడు. ఇంజను వెనక భాగం, గేర్‌బాక్స్ కలిసేచోటు నుంచి ఒక చుక్క వేలాడుతోంది. పడాలా వద్దా అని ఆలోచించుకుని పడింది. అదే చోటు. పందొమ్మిదేళ్ల కిందట చూసిన చోటే.

"అవుతుందమ్మా. గురువారం సాయంత్రం మీ ఇంటికే తెచ్చిస్తాను," అన్నాడు.

ఆవిడ ఆటో ఎక్కి వెళ్లిపోయాక బానెట్ ఎత్తి లోపలికి చెయ్యి పెట్టాడు. వెనక బోల్టుల దాకా అందలేదు. చెయ్యి పడుతోంది కానీ వేళ్లు వంగడం లేదు. రెండేళ్లుగా కణుపులు వాచి, పొద్దున్నే చొక్కా గుండీ పెట్టుకోవడానికే ప్రాణం పోతోంది. ఇనప గోడకీ ఇంజనుకీ మధ్య ఉన్న ఆ సందులో పానా తిప్పగల సన్నటి చేతులు ఈ చుట్టుపక్కల ఒక్కడికే ఉన్నాయి. ఆ సంగతి ఆయనకీ తెలుసు, టీ తెచ్చి పక్కనే నిలబడ్డ ఆయన భార్యకీ తెలుసు.

"ఫోన్ చెయ్యనా?" అందావిడ.

"ఎవరికి?"

"మీకు తెలీదు మరి!"

పెద్దమేస్త్రి టీ అంతా తాగి గ్లాసు ఆవిడ చేతికిచ్చాడు. ఆ తర్వాత, "కారు వచ్చిందని చెప్పు. హాలు ఓనరు గారి కారు అను. అంతే. రమ్మనకు," అన్నాడు.

*

పెద్దమేస్త్రి తమ్ముణ్ణి చిన్నప్పటి నుంచి అందరూ ఉడుత అనేవాళ్లు. సన్నగా, గబగబా, ఎక్కడ దూరమంటే అక్కడ దూరేవాడు. అన్నకన్నా ఎనిమిదేళ్లు చిన్న. ఈ షెడ్డు ఇద్దరూ కలిసి వేసిందే. గోడలకి ఇటుకలు మోసింది ఇద్దరూ. పైన రేకులు బిగించింది ఉడుతే, కింద నిచ్చెన పట్టుకుని ప్రతి రేకుకీ ఒక తిట్టు తిట్టింది పెద్దమేస్త్రి. ఒకడిది మెదడు, ఇంకొకడివి వేళ్లు అనేవాళ్లు జనం. ఎవరిది ఏదన్న దగ్గర మాత్రం ఇద్దరికీ పడేది కాదు.

అప్పట్లో హాలు ఓనరు గారి కారు వచ్చిందంటే ఆ రోజు పండగే. షెడ్డంతా ఊడ్చి, కారు కింద పనికి తవ్విన గొయ్యి కడిగి, చేతులు రెండుసార్లు కడుక్కున్నాకే తలుపు ముట్టుకునేవాళ్లు. లోపల తోలు సీట్ల వాసన. డ్యాష్‌బోర్డు చెక్క మీద వేలు పెడితే వేలిముద్ర పడుతుందని మోచేత్తో నెట్టుకుని కూర్చునేవాళ్లు. ఆయన తెల్లచొక్కా వేసుకుని, పని అయ్యేదాకా స్టూలు మీద కూర్చుని కబుర్లు చెప్పేవాడు. ఆ కారు అప్పటికే పాతది, అప్పటికే నూనె కార్చేది. హాలు పోర్టికోలో మరకలు పడకుండా పాత సినిమా పోస్టర్లు బోర్లా తిప్పి కింద పరిచేవాడు.

"హీరోలు కనిపించకుండా బోర్లా వేస్తున్నానయ్యా. వాళ్ల మొహం మీద నూనె పడితే పాపం కదా," అనేవాడు.

పని పూర్తయిన రోజు సాయంత్రం అన్నదమ్ములిద్దరికీ బాల్కనీలో సీటు. ఆయనే తలుపు దగ్గర నిలబడి, తెర పక్కకి తీసి లోపలికి పంపేవాడు. చేతుల్లో ఇంకా గ్రీజు వాసన పోయేది కాదు. పక్కసీటు వాళ్లు ముక్కు చిట్లించేవాళ్లు. ఉడుత కావాలని ఆ చేత్తోనే వాళ్ల ముందు నుంచి చాచి ఒళ్లు విరుచుకునేవాడు.

ఇదంతా ఆగిపోయింది కూడా ఆ కారు దగ్గరే.

పందొమ్మిదేళ్ల కిందట ఒకసారి కారడం బాగా ఎక్కువైంది. ఇంజను వెనక, గేర్‌బాక్స్ కలిసేచోట క్రాంకు సీలు పోయిందన్నాడు పెద్దమేస్త్రి. కాదు, ఇంజను నెత్తి మీది మూత, టాపెట్ కవరు, దాని ప్యాకింగ్ పోయింది, అక్కణ్ణుంచి నూనె వెనకవైపు జారి కిందకొస్తోంది అన్నాడు ఉడుత. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నట్టు పెద్దమేస్త్రి వినలేదు. మూడు రోజులు గేర్‌బాక్స్ దింపి, సీలు మార్చి, ఎక్కించాడు. నాలుగో రోజు హాలు ఓనరు గారు వచ్చి తాళం అందుకుంటుండగా, ఆయన బూటు పక్కనే టప్పున ఒక చుక్క పడింది. ఉడుత పకాలున నవ్వాడు.

"తలకి దెబ్బ తగిలితే కాలికి కట్టు కట్టాడండీ మా అన్నయ్య!"

పరాయివాడి ముందు, అందులోనూ ఆయన ముందు. పెద్దమేస్త్రికి కళ్లు ఎర్రబడ్డాయి. "నా షెడ్డులో నిలబడి నన్ను వెక్కిరిస్తావా? పో! ఇంకెప్పుడూ ఈ గడప తొక్కకు," అన్నాడు. 'మన షెడ్డు' అనాల్సిన చోట 'నా షెడ్డు' అన్నాడని అన్న మరుక్షణమే తెలిసింది. అన్న మాటని తిరిగి మింగలేకపోయాడు. మర్నాడు పొద్దున ఉడుత తన పానాల పెట్టె తీసుకుని వెళ్లిపోయాడు. పదిహేను రోజుల్లో నాలుగు వీధుల అవతల సొంత షెడ్డు తెరిచాడు.

అప్పటి నుంచి పెళ్లిళ్లలో, చావుల్లో ఎదురుపడేవాళ్లు. మాటలన్నీ పెద్దమేస్త్రి భార్య మీదుగానే. "మీ మరిది భోంచేశాడేమో కనుక్కో," అని ఈయన. "అన్నయ్యకి కుర్చీ ఎండలో ఉంది, జరుపుకోమను వదినా," అని అతను. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నా అంతే. మధ్యలో ఆవిడ టెలిఫోన్ ఎక్స్‌చేంజి.

*

ఫోన్ పెట్టేసిన పావుగంటకల్లా ఉడుత స్కూటరు షెడ్డు ముందు ఆగింది. యాభై ఎనిమిదేళ్లొచ్చినా ఒంటి మీద కండ పట్టలేదు. జుట్టు మాత్రం మొత్తం తెల్లబడింది. పానాల పెట్టె చేత్తో పట్టుకుని గడప బయటే నిలబడ్డాడు.

"వదినా, లోపలికి రావచ్చో లేదో అడుగు."

"మీరూ మీరూ చావండి, నాకు పొయ్యి మీద పనుంది," అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

పెద్దమేస్త్రి బానెట్ కిందనుంచి తల ఎత్తలేదు. "కారు లోపల ఉంది. బయట నిలబడి ఎట్లా చూస్తావు?" అన్నాడు.

పందొమ్మిదేళ్లకి తమ్ముడితో ఆయన నేరుగా అన్న మొదటి మాట అది.

ఉడుత వచ్చి పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ ఇంజను వంకే చూశారు. ఏళ్ల తరబడి నూనె మీద దుమ్ము పడి, దుమ్ము మీద నూనె పడి ఇంజనంతా నల్లటి పిడకలా ఉంది.

"ఇంత మురికిలో ఎక్కణ్ణుంచి కారుతోందో దేవుడు కూడా చెప్పలేడు," అన్నాడు ఉడుత.

"ముందు కడుగుదాం," అన్నాడు పెద్దమేస్త్రి.

ఆ మధ్యాహ్నమంతా కిరోసిన్, బ్రష్షు, కాటన్ వేస్టు. ఒకరు పైనుంచి, ఒకరు గొయ్యిలోంచి. ఇంజను అసలు రంగు బయటపడేసరికి నాలుగయింది. తడి ఆరాక పెద్దమేస్త్రి ఇంట్లోకి వెళ్లి భార్య టాల్కం పౌడరు డబ్బా తెచ్చాడు. ఇంజను చుట్టూ, కింద, వెనక అంతా తెల్లగా చల్లాడు. పొడి మీద నూనె దారి గీత గీసినట్టు కనబడుతుంది. కొత్తగా వచ్చిన లైట్లూ రంగుల మందులూ లేని రోజుల్లో వాళ్లు కనిపెట్టుకున్న కిటుకు ఇది. ఎవరు కనిపెట్టారన్నదాని మీదా తగువు ఉండేది.

"పెళ్లికొడుకులా ఉంది," అన్నాడు ఉడుత.

"నా పౌడరు!" అని లోపలినుంచి కేక.

అరగంట ఇంజను తిప్పి ఆపారు. ఉడుత టార్చి పట్టుకుని సందులో తల దూర్చాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక టార్చి అన్న చేతికిచ్చాడు. పెద్దమేస్త్రి చూశాడు. టాపెట్ కవరు వెనక మూలనుంచి, తెల్లటి పొడి మీద నల్లటి చార ఒకటి ఇంజను వీపు మీదుగా సర్రున దిగి, సరిగ్గా గేర్‌బాక్స్ దగ్గర తేలింది.

ఆయన చెవులు వేడెక్కాయి. ఇప్పుడు నవ్వుతాడేమో అనుకున్నాడు. ఉడుత నవ్వలేదు. గొయ్యిలోకి దిగి కిందనుంచి చూసి, "నువ్వేసిన సీలు ఇప్పటికీ రాయిలా ఉందన్నయ్యా. ఒక్క చెమ్మ లేదు," అన్నాడు.

పెద్దమేస్త్రి టార్చి ఆర్పి బల్ల మీద పెట్టాడు. "పొద్దున్నే రా. ప్యాకింగ్ కోద్దాం," అని మాత్రం అన్నాడు.

*

ఆ కారుకి ప్యాకింగులు ఎక్కడా దొరకవు. బుధవారం పొద్దున కార్కు షీటు బల్ల మీద పరిచి, కవరు బోర్లించి, చిన్న సుత్తితో అంచు వెంబడి టకటకా కొట్టుకుంటూ పోయాడు పెద్దమేస్త్రి. ఈ పనికి వేళ్లు వంగక్కర్లేదు, మణికట్టు ఉంటే చాలు. సుత్తి దెబ్బ ఎక్కడ గట్టిగా, ఎక్కడ మెత్తగా పడాలో ఆ చేతికి తెలుసు. షీటు అంచు నూలుపోగంత తేడా లేకుండా తెగి విడివడింది. ఉడుత దాన్ని వెలుగుకి ఎత్తి చూశాడు.

"ఇది నాకెప్పుడూ రాలేదు. నా షెడ్డులో కత్తెరతో కోస్తా. రెండు సార్లు తప్పు, మూడోసారి సరి."

"కత్తెరతో ఎవడు కోయమన్నాడు? అది బట్టలు కుట్టేవాడి పని."

"అడగడానికి నువ్వు లేవుగా," అన్నాడు ఉడుత మామూలుగానే. అంటూనే అతను సగం శరీరం బానెట్ లోపలికి దూర్చేశాడు. ఆ సన్నటి వేళ్లు కంటికి కనబడని బోల్టులను ఒక్కొక్కటే తడిమి బిగిస్తుంటే పెద్దమేస్త్రి పానాలు అందిస్తూ నిలబడ్డాడు. ఏ పానా కావాలో అడక్కుండానే అందించాడు. అతనూ చూడకుండానే చెయ్యి వెనక్కి చాచాడు.

మధ్యాహ్నానికి ఇంజను తిప్పారు. కొత్తగా పౌడరు చల్లి, అరగంట ఆగి చూశారు.

మళ్లీ చార. సన్నటిదే, కానీ చార చారే. ఈసారి ఇంకో పక్కనుంచి.

"కొత్త ప్యాకింగ్ వేసి గంట కాలేదు! నా కోతలో తప్పుందా?" అన్నాడు పెద్దమేస్త్రి.

"నా బిగింపులో తప్పుందా?" అన్నాడు ఉడుత.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎదుటివాడి తప్పు అనే అలవాటైన మాట ఇద్దరి నోటికీ రాలేదు. ఉడుత ఇంజను మళ్లీ స్టార్ట్ చేయించి, నూనె పోసే చోట మూత తిప్పి తీశాడు. గుప్పున ఆవిరి కొట్టింది. బల్ల మీది పాత న్యూస్‌పేపరు ముక్క చింపి ఆ రంధ్రం మీద పెట్టాడు. బాగున్న ఇంజనైతే కాగితాన్ని లోపలికి లాక్కుని అంటిపెట్టుకుంటుంది. ఇక్కడ కాగితం గాలిపటంలా ఎగిరి పెద్దమేస్త్రి భుజం మీద పడింది.

"బ్రీతరు!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఇంజను లోపలి గాలి బయటికి పోవడానికి చిన్న రబ్బరు పైపు ఒకటుంటుంది. అది మూసుకుపోతే గాలికి దారి ఉండదు. లోపల ఒత్తిడి పెరిగి, ఏ అతుకు బలహీనంగా ఉంటే అక్కణ్ణుంచి నూనెని బయటికి నెడుతుంది. ఎన్ని ప్యాకింగులు మార్చినా, ఎన్ని సీళ్లు వేసినా ఇంకోచోట కారుతుంది. ఉడుత లోపలికి దూరి పైపు ఊడదీశాడు. ఎండిన కొమ్మలా విరిగి రెండు ముక్కలై వచ్చింది. లోపలంతా కాఫీ రంగు ముద్ద గట్టిపడి ఉంది.

ఇద్దరూ బల్ల మీద కూర్చుని ఆ ముక్కలను తిప్పి తిప్పి చూశారు.

"అప్పుడూ ఇదే అయ్యుంటుందన్నయ్యా, సగమైనా పూడుకుని ఉంటుంది," అన్నాడు ఉడుత. "నువ్వు కింద అన్నావు, నేను పైన అన్నాను. దీన్ని ఇద్దరం చూడలేదు."

మనసులో మాట చెప్పడానికి ఇంతకన్నా మంచి సందు దొరకదనిపించింది పెద్దమేస్త్రికి. దొరికినా తనకు మళ్లీ ధైర్యం రాదనీ తెలుసు.

"నువ్వు వెళ్లిపోయిన నాలుగో రోజు," అని మొదలుపెట్టాడు, పైపు ముక్క వంకే చూస్తూ. "ఆయన మళ్లీ కారు తెచ్చాడు. టాపెట్ కవరు విప్పాను. ప్యాకింగ్ మార్చాను. కారడం ఆగింది. మళ్లీ నా దగ్గరికొచ్చినన్నాళ్లూ చుక్క పడలేదు. అప్పటికి నువ్వు చెప్పిందే సరి. నీకు చెబుదామని రెండుసార్లు నీ వీధి చివరిదాకా వచ్చాను. కాళ్లు ముందుకు పడలేదు. మన మేనకోడలి పెళ్లిలో చెబుదామనుకున్నాను. మీ మావగారు పోయినప్పుడు చెబుదామనుకున్నాను. చావింట్లో టాపెట్ కవరు సంగతేమిటని ఊరుకున్నాను. తప్పు నాదిరా. ఆ ఒక్క తప్పు ఒప్పుకోలేక నిన్ను పోగొట్టుకున్నాను."

ఉడుత కాటన్ వేస్టుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. అన్నీ తుడిచాక మళ్లీ మొదటి వేలి నుంచి మొదలుపెట్టాడు.

"అన్నయ్యా, నేను దానికోసం వెళ్లలేదు."

"మరి?"

"అప్పటికి రెండు వారాల ముందే ఆ షెడ్డు మాట్లాడేసుకున్నాను."

పెద్దమేస్త్రికి ఆ మాట చెవిలో పడింది కానీ తలకెక్కడానికి కాస్త టైం పట్టింది.

"నీ పక్కన ఉంటే నాకు యాభై ఏళ్లొచ్చినా నేను చిన్నమేస్త్రినే. బండి బాగైతే పెద్దమేస్త్రి చెయ్యి, పాడైతే చిన్నమేస్త్రి తొందర. ఒక్క బండైనా నా చేతి మీద బాగై, నా పేరు చెప్పుకుని పోవాలనిపించింది. రోజూ చెబుదామనే వచ్చేవాణ్ణి. నీ మొహం చూస్తే నోరు పెగిలేది కాదు. నన్ను పెంచినవాడివి నువ్వు, నీతో ఎట్లా చెప్పను? ఆ రోజు నువ్వే పో అన్నావు. తిట్టించుకుని పోవడం తేలికైంది. అందుకే నవ్వాను కూడా. నువ్వు తిడతావని తెలిసే నవ్వాను."

పెద్దమేస్త్రి లేచి నిలబడ్డాడు. "పందొమ్మిదేళ్లు," అన్నాడు. ఇంకేదో అనబోయి, "పందొమ్మిదేళ్లురా!" అని మళ్లీ అదే అని, చేతిలోని పైపు ముక్కని గొయ్యిలోకి విసిరికొట్టి, వెనక గుమ్మంలోంచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

*

కుళాయి పక్క గట్టు మీద కూర్చున్నాడు. ఎవరి మీద కోపమో తేల్చుకుందామంటే తేలలేదు. పెళ్లిళ్లలో తలొంచుకుని చివరి వరసలో కూర్చున్నవన్నీ గుర్తొచ్చాయి. జ్వరమొచ్చి వారం పడుకున్నప్పుడు తమ్ముడు వీధిలో స్కూటరు ఆపి, లోపలికి రాకుండా, వదిన చేతికి పళ్లిచ్చి వెళ్లిపోయాడు. కిటికీలోంచి అది చూసి గోడ వైపు తిరిగి పడుకున్నాడు తను. 'చేజేతులా చేసుకున్నాను' అని ప్రతిసారీ తనని తాను తిట్టుకునేవాడు. ఆ తిట్లలో సగం ఇంకొకడికి చేరాల్సినవని ఇప్పుడు తెలిసింది. తేలికపడాల్సిన మనసు ఎందుకో ఇంకా బరువెక్కింది. తప్పు మొత్తం తనదే అయినన్నాళ్లూ, తమ్ముడు తనంతట వెళ్లాలనుకోలేదన్న ఊరటైనా ఉండేది.

భార్య వచ్చి పక్కన కూర్చుంది.

"విన్నావా?" అన్నాడు.

"కొత్తగా వినేదేముంది?"

ఆయన ఆవిడ వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"షెడ్డు మాట్లాడుకున్న రోజే మరిది నాకు చెప్పాడు. మీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. టాపెట్ కవరు సంగతి మీరు చెప్పారు. అతనికి చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు. ఒట్లన్నీ నా నెత్తి మీదే. వెళ్లి మాట్లాడుకోండి, మాట్లాడుకోండి అని ఎన్ని వందల సార్లు మొత్తుకున్నాను ఇద్దరితోనూ?"

"అట్లా మొత్తుకుంటే ఏం తెలుస్తుంది, విషయం చెప్పాలి గానీ!"

"ఒట్టు తప్పితే పోయేది ఎవరి తల? మీదా, అతనిదా? నాకు ఇద్దరూ కావాలి," అంది ఆవిడ. కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే నవ్వుతోందో ఏడుస్తోందో ఆయనకి అర్థం కాలేదు. కాసేపటికి ఆయనకే ఓ పక్కనుంచి నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. ఇద్దరు మొగవాళ్లు చెరో రహస్యం తెచ్చి ఒకే పెట్టెలో దాచుకుని, తాళం ఎక్కడో పారేసుకుని, పెట్టె ఎదురుగా కూర్చుని పందొమ్మిదేళ్లు మొహాలు మాడ్చుకున్నారు.

ఎండ తగ్గాక షెడ్డులోకి వెళ్లాడు. ఉడుత వెళ్లిపోలేదు. గొయ్యిలోంచి పైపు ముక్క ఏరుకొచ్చి, రెండు ముక్కల్నీ కలిపి కొలత చూస్తున్నాడు.

"దీనికి సరిపోయే పైపుందా నీ దగ్గర?" అన్నాడు పెద్దమేస్త్రి.

"ఉంది. పట్టుకొస్తా."

"నా కోపం పోలేదు."

"తెలుసు. నాది కూడా పూర్తిగా పోలేదు. ముందు పైపు వేద్దాం," అన్నాడు ఉడుత.

*

గురువారం పొద్దున కొత్త పైపు వేశాక కాగితం రంధ్రం మీద చక్కగా అంటుకుపోయింది. పౌడరు పౌడరులాగే తెల్లగా ఉంది. సాయంత్రం దాకా ఆగి, మళ్లీ చూసి, ఇక తీసుకెళ్లి ఇచ్చేద్దామనుకున్నారు.

"నేనూ వస్తా," అంది పెద్దమేస్త్రి భార్య. అప్పటికే చీర మార్చుకుని ఉంది. "ఇన్నేళ్లూ ఈ కారు కోసం టీలు పెట్టాను, పౌడర్లు పోగొట్టుకున్నాను. ఒక్కసారైనా ఎక్కలేదు."

ఆవిడ వెనక సీట్లో మధ్యలో కూర్చుంది, రాణిగారిలా రెండు చేతులూ చెరో పక్కకీ చాచి. ఉడుత నడిపాడు. తోలు అక్కడక్కడా పగిలింది కానీ వాసన అదే. అడక్కుండానే ఉడుత పాత హాలు వీధిలోకి తిప్పాడు. హాలు ఉన్నచోట ఇప్పుడు మంచాలూ సోఫాలూ అమ్మే కొట్టు ఉంది. పైన గుండ్రటి బాల్కనీ గోడ మాత్రం కూలగొట్టకుండా వదిలేశారు. దాని మీద ఏవో అక్షరాలు పీకేసిన గుర్తులు. కారు నెమ్మదించింది. ముగ్గురూ అటే చూశారు.

"పోర్టికో అక్కడుండేది," అన్నాడు పెద్దమేస్త్రి.

"ఒకసారి తెర తీసి పట్టుకుని ఆయన ఏమన్నాడో గుర్తుందా?" అన్నాడు ఉడుత. "మెల్లగా వెళ్లండయ్యా, మీరు కూర్చున్నాకే మొదలెట్టమంటాను అన్నాడు. నిజంగానే ఆపించాడు. హాలంతా మనకోసం కూర్చుంది."

"అబద్ధం. కరెంటు పోయిందారోజు."

"కాదు, ఆపించాడు."

పెద్దమేస్త్రి ఎదురు చెప్పబోయి ఊరుకున్నాడు. ఆపించాడనుకుంటేనే బాగుంది.

హాలు ఓనరు గారి ఇంటి గేటు తీసే ఉంది. పెద్దావిడ కర్ర పట్టుకుని మెట్ల మీద ఎదురుచూస్తోంది. ఎవరి పలకరింపూ పట్టించుకోకుండా నేరుగా వచ్చి, ముందు తలుపు తీయించుకుని, డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది. తలుపు వేయమంది. అద్దం దించలేదు. ఒక్కతే కాసేపు అలాగే కూర్చుంది. కూతురు ఏదో అనబోతే పెద్దమేస్త్రి భార్య చెయ్యి పట్టుకుని ఆపింది. అయిదు నిమిషాలకి ఆవిడే తలుపు తీసి, "రేపు ఎన్నింటికే?" అంది కూతురితో.

"ఆరింటికమ్మా."

"అయిదున్నరకి," అని, మేస్త్రులిద్దరి వైపూ తిరిగి, "మీరిద్దరూ కలిసే ఉన్నారన్నమాట. అదే మంచిది. ఆయన ఎప్పుడూ అడిగేవారు," అంది.

ఎవరూ ఏమీ సరిదిద్దలేదు.

హాలు ఓనరు గారి అమ్మాయి పెద్దమేస్త్రి భార్యని టీకి లోపలికి తీసుకెళ్లి, ఫొటోలు చూపించి గానీ పంపనంది. అన్నదమ్ములిద్దరూ నడుచుకుంటూ బయల్దేరారు. రెండు వీధులు దాటారు. దారిలో ముందు తగిలేది ఉడుత షెడ్డే. దాని ముందు నుంచి పోవాల్సి వచ్చినప్పుడల్లా పెద్దమేస్త్రి ఇన్నేళ్లూ అవతలి పక్కకి దాటి నడిచేవాడు. ఉడుత తాళం తీసి షట్టరు పైకెత్తాడు.

"లోపలికి రా అన్నయ్యా."

పెద్దమేస్త్రి వెళ్లాడు. గోడ మీద పానాలు సైజుల వారీగా వరసగా తగిలించి ఉన్నాయి. నేల మీద ఎక్కడా మరక లేదు. కిటికీ మాత్రం తప్పు దిక్కున పెట్టించాడు, మధ్యాహ్నం దాటితే వెలుగు రాదు. ఆయన చుట్టూ ఒకసారి తిరిగి, బల్ల అంచు మీద అరచెయ్యి ఆనించి చూశాడు.

"బల్ల ఎత్తు ఎక్కువైంది. నడుం పట్టేస్తుంది."

"నా ఎత్తుకి చేయించుకున్నాలే."

పెద్దమేస్త్రి తల ఊపాడు. స్టూలు లాక్కుని దాని ముందు కూర్చున్నాడు. "సుత్తి, ఓ షీటు ముక్క ఇటివ్వు. ప్యాకింగ్ కోయడం చూపిస్తా," అన్నాడు.